నత్తికి నేను పెట్టిన కరెంటు

మొన్న మా అక్క మనుమరాలు ఫోన్ పట్టుకోని ఉరికొచ్చింది. ఫిజియోథెరపీ చదువుతున్న పిల్ల. "అమ్మమ్మా, గిది చూడు. పెద్దోళ్లకు నత్తి ఉంటే తలకు సన్నగ కరెంటు పెడుతున్నరట. అది నడుస్తుండంగనే చదివిస్తున్నరట. మెదడుల మాట పుట్టే జాగ ఉంటది గద, దాన్ని లేపుడన్నట్టు. ఇంక పరీక్షలు చేసి చూస్తున్నరు" అన్నది.

నేను బెండకాయలు కోస్తున్న. కత్తి పక్కకు పెట్టి నవ్విన. నవ్వుడాగినంక కండ్లల్ల నీళ్లొచ్చినయ్. పిల్ల బెదిరింది.

"ఏం కాలే బిడ్డా. గా పని నేను ఎప్పుడో నల్లగొండల చేసిన. చెయ్యొద్దంటే చేసిన. అది గూడ సక్కగ చెయ్యలే" అన్న.

ఇగ అది ఊకుంటదా? మొత్తం చెప్పిందాంక ఇడువలే. దానికి చెప్పిందే మీకు రాస్తున్న. కొత్తగ నౌకరీల చేరినోళ్లు పెద్దోళ్ల గొప్పలు మస్తు విని ఉంటరు. పని నుంచి దిగిపోయినోళ్లందరం పులిని కొట్టినట్టే చెప్తం. ఒక్కసారి తప్పు గూడ వినుండ్రి.

ఎనభైల ఆఖర్ల ముచ్చట. నల్లగొండల ఒక దవాఖానల నాకు కొత్త నౌకరీ. మా నాయిన, అమ్మ కూలి చేసి, చర్చి బడిల నన్ను చదివిచ్చిండ్రు. డిప్లొమా చేసి తెల్లకోటు ఏసుకున్న మొదటిదాన్ని మా వాడల నేనే. ఆ గర్వం జర ఎక్కువనే ఉండేది నాకు. నా రూముకు బోర్డు మీద ఏదో పెద్ద పేరు రాసి ఉండేది గాని అందరూ "కరెంటు రూం" అనేటోళ్లు. మూతి వంకర పోయినోళ్లు, చెయ్యి పడిపోయినోళ్లు వచ్చేది. ఒక చెక్క డబ్బా మిషను, దానికి తిప్పే మర, రెండు వైర్లు, వైర్ల కొసకు రేకు బిళ్లలు. బిళ్ల కింద ఉప్పునీళ్లల్ల తడిపిన గుడ్డ పెట్టి మూతికి ఆనిచ్చి మర తిప్పితే బుగ్గ టకటక ఎగిరేది. బుగ్గ ఎగిరితే పేషెంటు ఖుషీ, నేను ఖుషీ.

మాకు చదువు చెప్పిన సార్లు ఒక మాట ముక్కు పిండి నేర్పిండ్రు. ఏ బిళ్లయినా పేషెంటుకు పెట్టే ముందు నీ చేతి మీద పెట్టి చూసుకో అని. నేను గూడ నా తర్వాత వచ్చినోళ్లందరికి గదే నేర్పిన. నేర్పుడైతే సులువే.

నా గుణం గూడ చెప్పాలె. నాకు ఓపిక తక్కువ. ఎదుటోళ్లు మాట నానబెడితే నేనే పూర్తి చేస్త. పెండ్లైన కొత్తల మా ఆయన "ఇయ్యాల కూర…" అనంగనే "ఉప్పెక్కువైంది, ఎరుకే, తిను" అనేదాన్ని. పాపం, ఆయన బాగుందని చెప్పబోయిండేమో.

ఒకరోజు పగటాల్ల అన్నం డబ్బా తీస్తుంటే ఒకాయన వచ్చి తలుపుకాడ నిలబడ్డడు. ముప్పై ఏండ్లుంటయ్. చేతులకు నల్లగ రబ్బరు మసి. నార్కట్‌పల్లి రోడ్డు మీద లారీలకు పంచర్ వేసేటాయన అని తర్వాత తెలిసింది. నోరు తెరవలే. జేబులకెంచి చీటి తీసి ఇచ్చిండు. "నాకు నత్తి. వచ్చే నెల నిఖా. తలకు కరెంటు పెట్టుండ్రి" అని రాసి ఉంది. అక్షరాలు ముత్యాల్లెక్క ఉన్నయ్.

"నత్తికి కరెంటేంది తమ్మీ? ఎవరు చెప్పిండ్రు?" అన్న.

ఎవరో లారీ డ్రైవర్ చెప్పిండట, బొంబాయిల పెడుతరని. ఆ ఒక్క మాట చెప్పనీకె ఆయన మెడనరాలు ఉబ్బినయ్, కండ్లు మూసుకపోయినయ్. "బొ… బొ…" అంటుంటే నేను "బొంబాయా, బొబ్బిలా?" అని నడుమ దూరిన. ఇయ్యాల రాస్తుంటే సిగ్గయితుంది.

మెల్లమెల్లగ సంగతి తెలిసింది. ఆరేండ్ల కింద ఆయనకొక సంబంధం కుదిరింది. వాళ్లమ్మ నత్తి సంగతి దాచి, మా కొడుకు మాటలు తక్కువ మనిషి అని చెప్పింది. నిఖాల ఖాజీ అడిగితే పెండ్లికొడుకు అందరు వినంగ మూడుసార్లు "ఖుబూల్" అనాలె. ఒప్పుకున్న అని. ఈయనకు మొదటి అక్షరం కాడనే గొంతు పట్టేసింది. ఎంతసేపటికీ రాలే. పిల్ల మేనమామ లేచి, "పిలగానికి ఇష్టం లేదు, బలిమికి తెచ్చి కూసోబెట్టిండ్రు" అన్నడు. వీళ్లోళ్లు కాదు, నత్తి అన్నరు. అయితే ఎందుకు దాచిండ్రని వాళ్లు. మాటకు మాట పెరిగి నిఖా ఆగిపోయింది. పిల్లనిచ్చేటోళ్లు మళ్ల దొరకనీకె ఆరేండ్లు పట్టింది. ఇప్పుడు పానగల్ల గాజుల దుకాణమాయన బిడ్డ కుదిరింది. వాళ్లమ్మ ఈసారి గూడ నత్తి ముచ్చట చెప్పలే.

"హైదరాబాదు పోరాదు? మాట నేర్పే డాక్టర్లుంటరు గద."

పోయిండట. చీటీ రాసే కిటికీ కాడ పేరడిగిండ్రట. పేరు చెప్పనీకె రాలే. వెనక లైన్ల ఉన్నోళ్లు లొల్లి పెట్టిండ్రు. తిరిగి బస్సెక్కిండు.

ఆ మాట విన్నంక నేను అన్నం తినలేకపోయిన.

మా పెద్ద డాక్టరు ఎముకల సారు. పోయి అడిగిన. "తలకు కరెంటా? పిచ్చి గిట్ల లేసిందా నీకు?" అన్నడు. "ఏ పుస్తకంల లేదు. ఫిట్స్ వస్తే వాని పానం పాయె, నీ నౌకరీ పాయె, నాది గూడ పాయె. వద్దు." మంచిగనే చెప్పిండు, పెద్దమనిషి. నేను సరే సార్ అన్న. తెల్లారి పగటాల్ల తలుపు దగ్గరికేసి ఆ పంచరాయన తలకు బిళ్లలు కట్టిన.

ఎందుకు చేసిన? ఆయన మీద పానం కొట్టుకున్నది నిజం. నేనే బాగు చేసిన అనిపించుకోవాలె అనే ఆశ గూడ అంతే నిజం. రెండూ కలిసే ఉంటయ్ బిడ్డలారా, మీ కడుపుల గూడ ఉంటయ్, చూసుకోండ్రి.

మంచి బిళ్లలు మూతి పేషెంట్లకు కావాలె గనుక, అల్మారల పడి ఉన్న పాత చిన్న బిళ్లలు, వాటి వైర్లతోని సహా తీసిన. కణతలకు ఆనిచ్చి పట్టీ కట్టిన. నాకు భయం. మరను మొదటి గీత దాటనియ్యలే. ఆ గీత మీద మంచి బిళ్లలైనా చీమ పాకినట్టుంటది, అంతే.

"ఏమన్న తెలుస్తాందా?"

"జి… జివ్వుమంటాంది అక్కా."

ఇగ కరెంటు నడుస్తుంటే ఏదో ఒకటి చదవాలెనన్నడు, డ్రైవర్ గట్లనే చెప్పిండట. పేపరిచ్చిన. మొదటి మాట కాడనే ఆగిండు. నేను ఆగుతనా? "మిర్యాలగూడల వడ్ల ధర…" అని నేను గట్టిగ చదువుడు మొదలుపెట్టిన. ఆయన నా గొంతుతోని గొంతు కలిపి ఎత్తుకున్నడు. వడ్ల ధర, వాన ముచ్చట, బావిల పడ్డ బర్రె ముచ్చట, అంతా చదివినం. ఒక్క అక్షరం కాడ ఆగలే! ఆయన పేపరు దించి నన్ను చూసిండు. నేను మిషనును చూసిన. యేసయ్యా, కరెంటు పని చేస్తాంది అనుకున్న.

మూడు వారాలు గట్లనే నడిచింది. రోజు పగటాల్ల నార్కట్‌పల్లి నుంచి బస్సుల వచ్చేది, తల కట్టుకునేది, ఇద్దరం కలిసి చదివేది. "ఖుబూల్" అని గూడ కలిసే అనేటోళ్లం. ఆయనకు ఆ మాట నా గొంతు పక్కన వెన్నలెక్క వచ్చేది. వాళ్లమ్మ డబ్బాల బగారన్నం పంపేది. ఆయన ముఖంల నవ్వొచ్చింది. లారీ డ్రైవర్లకు సలాం చెప్తున్న అన్నడు. నేను ఒక్కటంటే ఒక్కరోజు గూడ ఆయనను ఒంటిగ చదివిచ్చి చూడలే. ఆయన ఆగుతడేమో అనంగనే నేను అందుకునేది. నా గుణం చెప్పిన గద.

నిఖా పది దినాలుందనంగ, మూతి పేషెంటుకు కట్టే పెద్ద బిళ్ల ఊడింది. ఏం ఫికర్ లే, చిన్న బిళ్లలున్నయ్ గద అని అవి పెట్టిన. మర తిప్పిన. బుగ్గ ఎగరలే. ఇంకో గీత తిప్పిన. ఇంకోటి. ఉలుకు లేదు పలుకు లేదు.

మా దవాఖాన ఎలక్ట్రీషియను ముసలాయన, ఎప్పుడు చూసినా నోట్ల పానే. టెస్టర్ పెట్టి చూసిండు, వైరును వేళ్లతోని నలిపి చూసిండు. "గీంట్ల కరెంటేడిదమ్మా? వైరు లోపట ఎన్నడో తెగి సచ్చింది. పైన తోలు ఉన్నది, అంతే" అన్నడు.

"ఎన్నడో అంటే?"

"నువ్వు నౌకరీల చేరకముందు."

మూడు వారాలు పంచరాయన తలకు నేను ఉత్త గుడ్డలు కట్టిన. చేతి మీద పెట్టి చూసుకుంటే మొదటిరోజే తెలిసేది. అందరికి నేర్పే పని నేను చెయ్యలే. రోజు పగటాల్ల నా తలుపెందుకు మూసుంటదో ముసలాయనకు ఎరుకనే. పాన్ ఉమ్మొచ్చి అన్నడు, "పోనీ తియ్యమ్మా, తలకు కరెంటు పెట్టొద్దన్న డాక్టరు మాట నిలబెట్టినవ్."

మరి ఆయన చదివిన చదువు? అది కరెంటుతోని కాదు, నా గొంతుతోని. నత్తి ఉన్నోళ్లు ఇంకొకరితోని కలిసి చదివితే ఆగరని, ఒంటిగ మాట్లాడితే మళ్ల మొదటికొస్తదని నాకు చానా ఏండ్లకు గాని తెల్వలే. ఇప్పటి కరెంటు పనిచేస్తదో లేదో నేను చెప్పలేను. చదువుకున్నోళ్లు కొలిచి చూస్తున్నరు, చూడనియ్యుండ్రి. నేనైతే కొలవలే, చూడలే, నమ్మిన.

తెల్లారి ఆయన వచ్చిండు. చెప్పాలెనని పొద్దటి నుంచి నోట్ల మాట కూడబెట్టుకున్న. ఆయన ఖుషీగ వచ్చి స్టూలు మీద కూసోని, తల ముందుకు పెట్టిండు. చిన్నపిల్లగాడు కటింగ్‌కు కూసున్నట్టు. నా నోరు పడిపోయింది. తెగిన వైరని తెలిసి తెలిసి, ఆ బిళ్లలే తడిపి కట్టిన. నా నౌకరీ మొత్తంల నేను చేసిన పెద్ద తప్పు అదే.

"తమ్మీ, ఇయ్యాల నువ్వొక్కనివే చదువు" అన్న.

మొదలుపెట్టిండు. రెండో మాట కాడ గొంతు పట్టేసింది. మెడనరాలు ఉబ్బినయ్. "క… క… కరెంటు జ… జర పెంచు అక్కా."

మర తిప్పిన. ఉత్తుత్త మర.

"ఆ… ఇ… ఇప్పుడు జివ్వుమంటాంది."

అప్పుడే తలుపు తెరుచుకున్నది. తెల్ల గడ్డం, తల మీద టోపీ, చేతుల గొడుగు. స్టూలు మీద ఉన్నాయన పాలిపోయిండు. లేవబోయిండు, తలకు వైర్లున్నయ్ గనుక లేవలేకపోయిండు. పానగల్ గాజుల దుకాణమాయన. పెండ్లిపిల్ల తండ్రి.

"తౌబా!" అన్నడు పెద్దమనిషి. "ఎవరో చెప్తే నమ్మలే. మీ అల్లుడు రోజు దవాఖానల తలకు కరెంటు పెట్టించుకుంటుండు, అది పిచ్చోళ్లకు పెట్టేది అన్నరు. నా కండ్లతోని చూసినంక ఇంకేమున్నది?" గొడుగు చంకల పెట్టుకోని వెనకకు తిరిగిండు.

దాచనీకె చేసిన పని, దాచినదానికంటె పెద్ద బదనాం తెచ్చింది. నత్తిని మూయబోతే పిచ్చి అని తేలింది.

"ఆగుండ్రి పెద్దాయనా!" అని ఒర్రిన. ఎదురువోయి తలుపుకు అడ్డం నిలబడ్డ. "పిచ్చి లేదు గిచ్చి లేదు. ఆయనకు నత్తి. గంతే. తలకు పెట్టుండ్రి అని నన్ను అడిగిండు, మా డాక్టరు వద్దన్నా నేను పెట్టిన. గాని గాంట్ల కరెంటే లేదు. వైరు తెగి ఉంది. ఒక్కనాడు గూడ కరెంటు రాలే. నాకు నిన్ననే తెలిసింది. తెలిసి గూడ ఇయ్యాల మళ్ల కట్టిన. తప్పు నాది."

ఒక్క గుక్కల చెప్పేసిన. చెప్పినంక గాని స్టూలు దిక్కు చూడలే. ఆయన నన్నే చూస్తున్నడు. కోపం గాదు. బస్సు పోయినంక స్టాండుల నిలబడ్డ మనిషిలెక్క చూస్తున్నడు.

పెద్దమనిషి నన్ను ఇడిసి ఆయన దిక్కు తిరిగిండు. "ఈమె చెప్పింది ఇన్న. నువ్వు చెప్పు. నువ్వెందుకు కూసున్నవ్ ఈడ?"

నేను నోరు తెరిచిన, ఆయన బదులు చెప్పనీకె. ఆయన చెయ్యెత్తి నన్ను ఆపిండు. పట్టీ తనే ఊడదీసుకున్నడు. లేచి నిలబడ్డడు. కణతల మీదికెంచి ఉప్పునీళ్లు కారుతున్నయ్.

"నా… నాకు న… న… నత్తి. మా అ… అమ్మ మీకు చె… చెప్పలే. నే… నేను గూడ చెప్పలే. మీ బి… బిడ్డను మో… మోసం చేసినట్టు అ… అ… అయింది. మా… మాఫ్ చెయ్యుండ్రి."

గీ నాలుగు మాటలకు ఎంతసేపు పట్టిందో నేను రాయలేను. పెద్దమనిషి కదలలే. ఒక్క మాట అందించలే. గొడుగు మీద రెండు చేతులు ఆనిచ్చి చివరి మాట దాంక విన్నడు. నేను ఆ వయసుకు చెయ్యలేని పని అది.

"ఇంటికి వోయి బిడ్డను అడుగుత," అన్నడు. పోయిండు.

మేమిద్దరం మిగిలినం. "తిట్టు తమ్మీ. ఏమన్న అను" అన్న.

ఆయన ఆ తెగిన వైరును చేతుల పట్టుకోని చూసిండు. "గా… గాని అక్కా, జి… జివ్వుమన్నది గ… గద?"

నేను బోరున ఏడ్చిన. ఆయననే నన్ను ఊకోబెట్టిండు.

మూడు దినాలు ఏ కబురు లేదు. నేను ఎముకల సారు దగ్గరికి పోయి చేసింది మొత్తం చెప్పుకున్న. తిట్టిన తిట్టు తిట్టకుండ తిట్టిండు. నౌకరీ తియ్యలే, మహబూబ్‌నగర్‌కు బదిలీ అయ్యేటట్టు చూసిండు. అదీ మంచికే.

నాలుగోనాడు గొడుగు పెద్దమనిషి మళ్ల వచ్చి తలుపుకాడ నిలబడ్డడు. నేను స్టూలు ముందుకు జరిపిన.

"బిడ్డను అడిగిన. పిచ్చా, నత్తా అన్నది. నత్తి అన్న. గంతేనా అన్నది" అన్నడు. నవ్విండు. "నిఖా అనుకున్న దినమే. నువ్వు రావాలె బిడ్డా. ఆడోళ్ల దిక్కు, నా బిడ్డ పక్కన కూసోవాలె."

పోయిన. పానగల్ల వాళ్లింటి ముంగట షామియానా వేసిండ్రు. మొగోళ్లు బయట, ఆడోళ్లం లోపట, నడుమ తలుపుకు పరదా. పిల్ల ఎర్ర దుపట్టల తల వంచుకోని కూసున్నది. చేతులనిండ మెహందీ, మోచేతుల దాంక గాజులు, గాజులాయన బిడ్డ గద. ముందే పిల్ల తరఫున మాట తీసుకపోయే వకీలు, సాక్షులు వచ్చి అడిగిపోయిండ్రు, పిల్ల సన్నగ ఒప్పుకున్నది. ఇగ పెండ్లికొడుకు వంతు.

బయట పెద్దమనిషి గొంతు వినబడ్డది. అందరికి వినబడేటట్టే అన్నడు. "ఖాజీ సాబ్, మా అల్లునికి నత్తి ఉన్నది. టైం పడతది. తొందర పెట్టకుండ్రి."

ఖాజీ అడిగిండు.

"ఖు…"

నేను చెవులు రిక్కిచ్చిన.

"ఖు… ఖు…"

ఆగింది. గొంతు పట్టేసింది. నాకు పరదా ఇవతల నుంచే ఆ మెడనరాలు కనబడుతున్నయ్. ఎవరో దగ్గిండ్రు. ఒక కుర్చీ కిర్రుమన్నది. ఆరేండ్ల కింద గిట్లనే ఆగింది గద, గిట్లనే ఎవడో లేచిండు గద. నేను ఒక్కసారి అందుకుంటే చాలు, నా గొంతు పక్కన ఆయన గొంతు వస్తది. ఆడోళ్ల దిక్కు నుంచి మాట లేస్తే ఏమనుకుంటరో అని గూడ చూడలే. పరదా దిక్కు లేచిన, నోరు తెరిచిన.

మెహందీ చెయ్యి నా చేతిని పట్టి కిందికి గుంజింది.

"కూసోండ్రి అక్కా," అన్నది పిల్ల. తల ఎత్తలే. గొంతు తొణకలే. "ఆయన మాట ఆయననే చెప్పనియ్యుండ్రి. నేనేడికి వోతున్న?"

కూసున్న. నా జిందగీల మొదటిసారి ఎదుటోళ్ల మాట కోసం నోరు మూసుకోని కూసున్న.

ఎంతసేపటికో వచ్చింది. "ఖుబూల్."

ఖాజీ రెండోసారి అడిగిండు. మళ్ల గంత సేపు. వచ్చింది. మూడోసారి ఇంక ఎక్కువ పట్టింది. నేను ఏడుస్తున్న, పిల్ల నవ్వుతాంది. ఆయన మూడో మాట అనేదాంక నా చెయ్యి ఇడువలే.